జేబులో ఫోన్ దొరికిందని సెమిస్టర్ మొత్తం రద్దు చేశారు... ఎవరిని అడగాలి?

ప్రశ్న: నమస్తే మేడమ్. మా అమ్మ మీ జవాబులు చదువుతుంది, అందుకే మీకు రాస్తున్నాను. హైదరాబాద్ శివార్లలో జేఎన్‌టీయూకి అనుబంధంగా ఉన్న ఒక అటానమస్ ఇంజినీరింగ్ కాలేజీలో థర్డ్ ఇయర్ చదువుతున్నాను. మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. మొన్న సెమిస్టర్ మూడో పరీక్ష రోజు బస్సు ఆలస్యమై, పరుగున వెళ్లి హాల్లో కూర్చున్నాను. ఫోన్ బ్యాగులో పెట్టడం మర్చిపోయాను, జేబులోనే ఉండిపోయింది. స్విచాఫ్‌లోనే ఉంది. గంట తర్వాత స్క్వాడ్ వచ్చి జేబులు తడిమి పట్టుకున్నారు. ఎగ్జామ్ బ్రాంచ్‌కి తీసుకెళ్లి కాగితం రాసివ్వమంటే భయంతో వాళ్లు చెప్పినట్టే రాసి సంతకం పెట్టాను. తర్వాతి పరీక్షలు రాయనివ్వలేదు. తర్వాత నోటీసు బోర్డు మీద నా హాల్‌టికెట్ నంబర్ ఎదురుగా ‘ఈ సెమిస్టర్ పరీక్షలన్నీ రద్దు’ అని పెట్టారు. కమిటీ నన్ను ఒక్కసారి కూడా పిలవలేదు. ప్రిన్సిపాల్ గారిని కలిసి బతిమాలితే ‘కమిటీ నిర్ణయం, నా చేతిలో లేదు’ అన్నారు. సీనియర్లు ఎమ్మెల్యే లెటర్ తెమ్మంటున్నారు. ఇంకొకాయన ‘లోపల మనవాళ్లున్నారు, ముప్పై వేలతో అయిపోతుంది’ అంటున్నాడు. సప్లిమెంటరీ ఫీజు నోటిఫికేషన్ వచ్చింది, కడితే తప్పు ఒప్పుకున్నట్టేనా? కంప్లైంట్ పెడితే ల్యాబ్ మార్కుల్లో చూసుకుంటారని ఫ్రెండ్స్ భయపెడుతున్నారు. నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఇంట్లో ఇంకా చెప్పలేదు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. నా ఫోన్ కూడా వాళ్ల దగ్గరే ఉంది.
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు:

బాబూ, ముందు ఆ ముప్పై వేల మనిషి సంగతి. అతనితో ఇక మాట్లాడకు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను కాబట్టి తెలిసే చెబుతున్నాను. ఈ మధ్యవర్తుల వ్యాపారం ఎలా నడుస్తుందంటే, దొరికిన పిల్లలందరి దగ్గరా డబ్బు తీసుకుంటారు, ఎవరికీ ఏమీ చేయరు. వాళ్లలో ఒకరిద్దరికి కమిటీయే మామూలుగా శిక్ష తగ్గిస్తుంది. ఆ ఘనత తమ ఖాతాలో వేసుకుంటారు. మిగతావాళ్లకి ‘ఈసారి పైవాళ్లు మారారు’ అని చెప్పి సగమో పావో తిరిగిస్తారు. డబ్బిచ్చిన సంగతి బయటపడిందంటే మాత్రం నీది ఇక జేబులో ఫోన్ కేసుగా ఉండదు.

ఇక అసలు విషయం. నువ్వు ఇప్పటిదాకా చేసింది బతిమాలడం. బతిమాలినవాడికి ‘నా చేతిలో లేదు’ అని చెప్పడం ఎవరికైనా తేలిక. ఏ నిబంధన కింద ఈ శిక్ష వేశారని కాగితం మీద అడిగినవాడికి అలా చెప్పి పంపడం కుదరదు. నీ కేసులో అడగాల్సిన ప్రశ్న అదే, అది చాలా బలమైన ప్రశ్న కూడా.

ఎందుకో చెబుతాను. జేఎన్‌టీయూ హైదరాబాద్ అకడమిక్ రెగ్యులేషన్స్ చివర్లో మాల్‌ప్రాక్టీస్, అంటే పరీక్షల్లో చేసే అక్రమాల నిబంధనల పట్టిక ఒకటి ఉంటుంది. సిలబస్ కోసం ఆ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకునే పిల్లలు అక్కడిదాకా వెళ్లరు. ఎడమ పక్క చేసిన తప్పు, కుడి పక్క శిక్ష. మొదట్లోనే ఉండే వరుస ఇది: సబ్జెక్టుకి సంబంధించిన కాగితాలో, పుస్తకమో, ప్రోగ్రామబుల్ కాలిక్యులేటరో, సెల్‌ఫోనో దగ్గర పెట్టుకుని, వాటిని వాడుకోకపోతే, హాల్లోంచి పంపేసి ఆ ఒక్క సబ్జెక్టు రద్దు చేస్తారు. కింద ఇంకో వరుస ఉంటుంది. వాటిని చూసి కాపీ కొట్టినవాళ్లకి ఆ సబ్జెక్టుతో పాటు అప్పటికి రాసిన మిగతా సబ్జెక్టులు, ప్రాక్టికల్స్, ప్రాజెక్టు పని కూడా రద్దవుతాయి, మిగిలిన పరీక్షలు రాయనివ్వరు. ఈ రెండు వరుసల మధ్య తేడా ఒక సెమిస్టర్. నువ్వు చెప్పిందంతా నిజమైతే నీది మొదటి వరుస. వాళ్లు వేసింది రెండో వరుస శిక్ష.

మీది అటానమస్ కాలేజీ కాబట్టి పరీక్షలు కాలేజీవే, నిబంధనల పుస్తకమూ కాలేజీదే. చాలా కాలేజీలు యూనివర్సిటీ పట్టికనే దాదాపుగా దించుకుంటాయి. కానీ ఆ ‘దాదాపు’లోనే ఒక్కోసారి సెల్‌ఫోన్ కోసం వేరే వరుస చేర్చి ఉంటారు. అందుకని నీ బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్ పుస్తకం తీసి, నీ కళ్లతో చదివి, వరుస నంబర్ రాసుకో. సీనియర్ల పుస్తకం పనికిరాదు. ఒక్కో రెగ్యులేషన్‌కి నిబంధనలు మారుతుంటాయి.

ఫోన్‌తో హాల్లోకి వెళ్లడం తప్పే. దాన్ని ఎక్కడా కాదనకు. ‘నా ఫోనే కాదు’, ‘స్క్వాడ్‌వాళ్లే పెట్టారు’ లాంటి సలహాలు ఫ్రెండ్స్ ఇస్తారు, వినకు. ఫోన్ ఉంది, వాడలేదు. నీ వాదన ఈ రెండు మాటలే, దీన్ని పెంచినకొద్దీ పలచబడుతుంది.

సోమవారం కాలేజీకి వెళ్లగానే ఇవ్వాల్సింది ఫిర్యాదు కాదు, కాపీలు అడిగే దరఖాస్తు. శిక్ష వేసిన ఆర్డర్ కాపీ, ఇన్విజిలేటర్, స్క్వాడ్ రాసిన రిపోర్టు కాపీ, ఆ రోజు నువ్వు రాసిచ్చిన కాగితం కాపీ, కమిటీ ఏ నిబంధన కింద నిర్ణయం తీసుకుందో ఆ నిబంధన నంబర్. ఈ నాలుగూ అడుగు. నోటీసు బోర్డు మీద పెట్టింది ఆర్డర్ కాదు. అది జాబితా. అందులో కారణం ఉండదు. కారణం తెలియకుండా అప్పీలు రాయడమంటే చీకట్లో రాయి విసరడమే.

అదే దరఖాస్తులో ఆ గది సీసీటీవీ రికార్డింగు చెరిపేయకుండా భద్రపరచమని కూడా అడుగు. గది నంబర్, తేదీ, సమయం వెయ్యి. ఇది ఆగే పని కాదు. కెమెరా రికార్డర్లు కొన్నాళ్లకి పాతదాని మీదే కొత్తది రాసేసుకుంటాయి. నువ్వు ఫోన్ బయటికి తీయలేదని చూపించగల సాక్షి ఆ కెమెరా ఒక్కటే కావచ్చు. అడిగాక కూడా చెరిపేశారంటే, అడిగిన తేదీ నీ చేతిలో ఉంటుంది. ఫోన్ చేతికొచ్చాక స్క్రీన్‌టైమ్ సెట్టింగుల్లో ఆ రోజు వాడకం గంటలవారీగా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకో.

నువ్వు సంతకం పెట్టిన ఆ కాగితమే నన్ను కాస్త కలవరపెడుతోంది. అందులో ఏముందో నువ్వు నాకు రాయలేదు. ‘వాళ్లు చెప్పినట్టే రాశాను’ అన్నావు. సాధారణంగా అక్కడ గుమాస్తా ఒక పాత నమూనా చూపించి ‘ఇలా రాయి బాబూ, సింపుల్‌గా అయిపోతుంది’ అంటాడు. అతనికి నీ మీద కోపమేమీ ఉండదు, ఫైలు నిండాలి, అంతే. ఆ నమూనాలో ‘సెల్‌ఫోన్ ఉపయోగించి పరీక్ష రాస్తూ పట్టుబడ్డాను, క్షమించగలరు’ అని ఉంటే మాత్రం కమిటీ ముందు నీ కాపీయింగ్ నీ చేతిరాతతోనే రుజువైపోయినట్టు. కాపీ చేతికొచ్చాక అలాగే ఉందని తేలితే ఆలస్యం చేయకుండా, అది ఎవరు చెబితే, ఏ పరిస్థితిలో రాశావో, నీతో పాటు ఆ గదిలో ఇంకెవరున్నారో ఫిర్యాదులోనే రాసెయ్యి. ఆర్నెల్ల తర్వాత ‘బలవంతంగా రాయించారు’ అంటే ఎవరూ నమ్మరు. ఇప్పుడంటే వింటారు.

ఇక ఫిర్యాదు. పిల్లలు రాసే దరఖాస్తులు నేను కట్టలకొద్దీ చూశాను. తొంభై పాళ్లు ఇలా ఉండేవి: ‘అయ్యా, మాది పేద కుటుంబం. తెలియక జరిగిన తప్పును పెద్ద మనసుతో క్షమించి నా భవిష్యత్తు కాపాడవలసిందిగా ప్రార్థిస్తున్నాను.’ చదివితే జాలేస్తుంది. కానీ ఫైలు మీద దాని విలువ ఏమిటంటే, విద్యార్థి తప్పు ఒప్పుకున్నాడు, శిక్ష తగ్గించడానికి నియమం ఏదీ చూపలేదు. కింద ‘పరిశీలించడం సాధ్యపడదు’ అని ఒక్క ముక్క రాసి మూసేస్తారు. నువ్వు ఇలా రాయి:

‘ఫలానా తేదీన, ఫలానా సబ్జెక్టు పరీక్ష జరుగుతుండగా నా జేబులో నా సెల్‌ఫోన్ దొరికింది. అది దగ్గర ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధమని ఒప్పుకుంటున్నాను. ఫోన్ స్విచాఫ్‌లో ఉంది. హాల్లో దాన్ని బయటికి తీయలేదు, వాడలేదు. ఫలానా తేదీ నోటీసులో నా సెమిస్టర్ పరీక్షలన్నీ రద్దు చేసినట్టు ఉంది. ఏ నిబంధన కింద అన్నది అందులో లేదు. నిర్ణయానికి ముందు కమిటీ నన్ను పిలిచి నా వివరణ వినలేదు. ఫోన్ దగ్గర ఉండి, వాడని సందర్భానికి మన రెగ్యులేషన్స్‌లోని ఫలానా నిబంధన ప్రకారం ఆ ఒక్క సబ్జెక్టు మాత్రమే రద్దు చేయాలి. కాబట్టి నా కేసును ఆ నిబంధన కింద మళ్లీ పరిశీలించి, మిగతా సబ్జెక్టుల రద్దును ఎత్తివేయాలని, నన్ను స్వయంగా హాజరై మాట్లాడనివ్వాలని కోరుతున్నాను.’

అంతే. ఒక పేజీ దాటనీయకు. నాన్నగారి ఉద్యోగం, ఊరు, కష్టాలు ఇందులో వద్దు. స్క్వాడ్‌వాళ్ల మీద విసుర్లు అసలే వద్దు. ఇంగ్లిషులో రాయగలిగితే ఇంగ్లిషులో రాయి, లేకపోతే తెలుగులో రాయి. తెలుగులో రాసినంత మాత్రాన ‘తీసుకోం’ అనడానికి లేదు.

కాగితం రాయడం కంటే ఇవ్వడం కష్టం, అది కూడా చెప్పాలి. ఇన్‌వర్డ్ సెక్షన్‌కి వెళ్తావు. కిటికీ దగ్గరున్నాయన కాగితం అటూ ఇటూ తిప్పి ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు, టేబుల్ మీద పెట్టి పో’ అంటాడు. పెట్టి రాకు. రెండు కాపీలు తీసుకెళ్లు, రెండో దాని మీద ముద్ర, తేదీ, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకునే కదులు. ‘మా దగ్గర ముద్ర వేసే పద్ధతి లేదు’ అన్నారనుకో, వాదన పెట్టుకోకు. బయటికొచ్చి దగ్గర్లోని పోస్టాఫీసులో ప్రిన్సిపాల్ పేరున స్పీడ్ పోస్ట్ చెయ్యి. రసీదు దాచుకో, ట్రాకింగ్‌లో డెలివరీ అయినట్టు కనబడిన పేజీ ప్రింట్ తీసుకో. అదే కాగితం స్కాన్ చేసి కాలేజీ మెయిల్‌కి కూడా పంపు. రేపు గడువులు లెక్కపెట్టాల్సింది ఈ తేదీ నుంచే.

ఇప్పుడు ఆ గడువులు. యూజీసీ, అంటే యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్, 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారం మీద కొత్త నిబంధనలు తెచ్చింది. 2019 నాటి వాటి స్థానంలో ఇవి వచ్చాయి. ప్రతి కాలేజీలో విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. అందరూ ఎస్‌జీఆర్‌సీ అంటారు, నువ్వూ ఆ పేరుతోనే అడుగు. ఒక ప్రొఫెసర్ చైర్‌పర్సన్, నలుగురు ప్రొఫెసర్లో సీనియర్ అధ్యాపకులో సభ్యులు, ప్రత్యేక ఆహ్వానితుడిగా ఒక విద్యార్థి. వీళ్లలో కనీసం ఒక మహిళ, కనీసం ఒకరు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ వర్గాల నుంచి ఉండాలి. సంస్థ తన సొంత నిబంధనలకే విరుద్ధంగా తీసుకున్న చర్య కూడా ఆ నిబంధనల లెక్కలో ఫిర్యాదు చేయదగిన విషయమే. నీ కేసు ఆ తలుపులోంచే లోపలికి వెళ్తుంది. కాగితం మీద పైన ‘ఎస్‌జీఆర్‌సీ చైర్‌పర్సన్ గారికి, ప్రిన్సిపాల్ గారి ద్వారా’ అని స్పష్టంగా రాయి. కాలేజీ వెబ్‌సైట్‌లో గ్రీవెన్స్ పోర్టల్ ఉంటే అందులోనూ పెట్టి, వచ్చిన నంబర్ ఫొటో తీసుకో.

నిన్ను శిక్షించిన మాల్‌ప్రాక్టీస్ కమిటీలోని వ్యక్తే ఎస్‌జీఆర్‌సీలోనూ ఉంటే? చిన్న కాలేజీల్లో అలా జరుగుతూనే ఉంటుంది. తన నిర్ణయం మీద తానే తీర్పు చెప్పకూడదు కాబట్టి ఆయన్ని ఈ విచారణకి దూరంగా ఉంచమని మర్యాదగా ఒక వాక్యం చేర్చు. విచారణకి నువ్వు వెళ్లొచ్చు, నీ తరఫున ఎవరినైనా పంపొచ్చు. నువ్వే వెళ్లు. మీ ఊళ్లోనో హాస్టల్లోనో మాటకారిగా పేరున్న అన్నని పంపితే అక్కడ గొడవ తప్ప ఇంకేమీ మిగలదు.

ఈ కమిటీ ఫిర్యాదు అందిన 15 పని దినాల్లో తన సిఫారసులు ఇవ్వాలి, ఒక కాపీ నీకూ రావాలి. నిబంధనలో ‘వీలైనంతవరకు’ అన్న అర్థం వచ్చే మాట ఒకటుంది, కాలేజీలు దాని చాటున తలదాచుకుంటాయి. అందుకే 15 పని దినాలు దాటిన మర్నాడే ఒక గుర్తుచేసే ఉత్తరం వెయ్యి. ఆ నిర్ణయం నీకు నచ్చకపోతే, అది చేతికందిన 15 రోజుల్లోపు యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే అధికారికి, అప్పీలు చేసుకోవాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. మొదటిది పని దినాల లెక్క, రెండోది మామూలు రోజుల లెక్క. బతుకమ్మ, దసరా సెలవులకి ఊరెళ్లి తిరిగొచ్చేసరికి కమిటీకి గడువు కదలదు, నీ గడువు మాత్రం కరిగిపోతుంది. ఆర్డర్ అందుకున్నప్పుడు ఏ తేదీన అందుకున్నావో దాని మీదే రాసి సంతకం పెట్టు.

అంబుడ్స్‌పర్సన్ అంటే కాలేజీ మనిషి కాదు. రిటైరైన వైస్ చాన్సలర్‌నో, డీన్‌గానో విభాగాధిపతిగానో చేసి రిటైరైన ప్రొఫెసర్‌నో, మాజీ జిల్లా జడ్జినో యూనివర్సిటీ నియమిస్తుంది. యూనివర్సిటీకే కాదు, దాని అనుబంధ కాలేజీల పిల్లలకీ ఆయనే. 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఆయన చెప్పింది సంస్థ పాటించకపోతే యూజీసీకి రాస్తారు, గ్రాంట్లు ఆపడం దాకా యూజీసీ వెళ్లొచ్చు. కాగితం మీద బాగుంది. ఆచరణలో ఎలా ఉందంటే, అంబుడ్స్‌పర్సన్‌ని నియమించని యూనివర్సిటీల జాబితాలు 2024లో యూజీసీయే బయటపెట్టాల్సి వచ్చింది. కాబట్టి అప్పీలు వేసే ముందు ఆ పదవిలో ప్రస్తుతం ఎవరున్నారో యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో చూసుకో. ఖాళీగా ఉంటే రిజిస్ట్రార్ పేరున పంపి, అదే అప్పీలు యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో కూడా పెట్టు.

మార్కులు తక్కువొచ్చాయని, ఫెయిలయ్యామని నాకు రాసే పిల్లలకి ఇక్కడ ఒక మాట. అంబుడ్స్‌పర్సన్ రీవాల్యుయేషన్ దరఖాస్తులు తీసుకోరు. ఫలితాన్ని మార్చేంత అవకతవకనో, వివక్షనో నిర్దిష్టంగా చూపించగలిగితేనే చూస్తారు. మీకున్న దారి రీకౌంటింగ్, రీవాల్యుయేషన్, వాటి ఫీజు గడువు దాటకుండా. జవాబు పత్రం చూసుకునే హక్కు మాత్రం ఉంది. 2011లో సుప్రీంకోర్టు సమాచార హక్కు చట్టం కింద ఆ హక్కును గుర్తించింది. పది రూపాయల పోస్టల్ ఆర్డర్ జతచేసి తెలుగులోనే అడగొచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఈ చట్టం ప్రైవేటు కాలేజీకి నేరుగా వర్తించకపోవచ్చు. యూనివర్సిటీకి వర్తిస్తుంది, కాలేజీ నుంచి చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని అదే తెప్పించి ఇవ్వాలి. నీకు కూడా, బాబూ, కాలేజీ ఆ కాపీలు ఇవ్వకపోతే ఈ దారి ఉంది.

ఎమ్మెల్యే లెటర్ గురించి అడిగావు. తెచ్చుకుంటే నష్టమేమీ లేదు, లాభం కూడా లేదు. ప్రిన్సిపాల్ టేబుల్ మీద అలాంటి లెటర్లు గుట్టగా ఉంటాయి. ఆయన దాన్ని చదివి, గౌరవంగా ఫైల్లో పెట్టి, ‘కమిటీ నిర్ణయం’ అనే అంటారు. విద్యార్థి సంఘాలని నేను తేలిగ్గా తీసేయను. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు కూర్చున్న పిల్లల వల్ల వాయిదా పడ్డ పరీక్షలున్నాయి, తగ్గిన ఫీజులున్నాయి. అవి వేలమందికి సంబంధించిన విషయాలు. ఒక్కడి మాల్‌ప్రాక్టీస్ కేసు మీద ప్రిన్సిపాల్ గది ముందు బైఠాయిస్తే, రేపు వెనక్కి తగ్గాలన్నా తగ్గలేని మొండితనం కాలేజీకి వస్తుంది. ప్రజాభవన్ ప్రజావాణికి మంగళ, శుక్రవారాల్లో వెళ్లి అర్జీ ఇవ్వొచ్చు. ఇస్తే అది శాఖల మెట్లు దిగి చివరికి మళ్లీ మీ ప్రిన్సిపాల్ దగ్గరికే రిమార్కుల కోసం వస్తుంది. అప్పటికి నీ ఫిర్యాదు అక్కడ నంబరుతో ఉంటే ఆ రిమార్కులకి విలువ, లేకపోతే ‘విద్యార్థి మాకు ఫిర్యాదు చేయలేదు’ అని ఒక లైను. వినియోగదారుల ఫోరమ్‌కి వెళ్లమని ఎవరైనా అంటే వద్దులే. పరీక్షల విషయంలో విద్యార్థి వినియోగదారుడు కాడని సుప్రీంకోర్టు 2010లోనే ఒక యూనివర్సిటీ కేసులో చెప్పింది.

హైకోర్టు చివరి మెట్టు, కానీ ఉన్న మెట్టే. ఫోన్ వాడావా లేదా అన్నది జడ్జి గారు తేల్చరు. నిన్ను పిలిచి విన్నారా, నిబంధనలో ఉన్న శిక్షే వేశారా, ఆర్డర్లో కారణం రాశారా, ఇవి చూస్తారు. నీ వాదనంతా దీని మీదే ఉంది కాబట్టి కేసు పనికిమాలినది కాదు. కాలేజీతో పాటు యూనివర్సిటీని కూడా ప్రతివాదిగా చేర్చాలని లాయరుకి గుర్తుచెయ్యి. ఖర్చు భయపడకు. ఎస్సీ, ఎస్టీలకి, మహిళలకి, నిర్ణీత ఆదాయ పరిమితిలోపు ఉన్నవాళ్లకి న్యాయ సేవల చట్టం కింద ఉచితంగా లాయరుని ఇస్తారు. హైకోర్టు న్యాయ సేవల కమిటీలో అడగొచ్చు. అయితే ఎస్‌జీఆర్‌సీకి కూడా రాయకుండా నేరుగా వెళ్తే ‘ముందు అక్కడికి వెళ్లి రండి’ అనే అవకాశం ఎక్కువ.

సప్లిమెంటరీ ఫీజు మాత్రం కట్టెయ్యి. కట్టడం తప్పు ఒప్పుకోవడం కాదు. ‘నా ఫిర్యాదు పెండింగ్‌లో ఉంది, దాని ఫలితానికి లోబడే ఫీజు కడుతున్నాను’ అని ఒక ఉత్తరం ఇన్‌వర్డ్‌లో వేసి కట్టు. అప్పీలు గెలుస్తామన్న ధీమాతో పరీక్ష మానేసి, అప్పీలు తేలేలోపు సప్లీ కూడా దాటిపోయి, క్రెడిట్లు చాలక ఒక ఏడాది వెనకబడ్డ పిల్లలని చూశాను. అప్పీలు గెలిస్తే ఆ ఫీజు పోతుంది, అంతే. మొదటి వరుస ప్రకారం చూసినా ఆ ఒక్క సబ్జెక్టు నువ్వు మళ్లీ రాయాల్సిందే కదా, చదువు మొదలుపెట్టు.

ల్యాబ్ మార్కుల భయం ఉత్త భయమని నేను అనను. కక్ష కట్టే మనుషులు ఉంటారు. కానీ నోటి మాటగా తిరిగే పిల్లవాడిని సతాయించినంత సులువుగా, ఎస్‌జీఆర్‌సీలో ఫిర్యాదు నంబరున్న పిల్లవాడిని సతాయించలేరు. ఫిర్యాదు చేసినందుకు వేధించడం వాళ్లకి ఇంకో ఫిర్యాదై మెడకి చుట్టుకుంటుంది. నువ్వు చేయాల్సింది సాక్ష్యం మిగుల్చుకోవడం. ల్యాబ్ రికార్డు ఎప్పటికప్పుడు సంతకం చేయించుకుని పేజీలు ఫొటోలు తీసుకో. ఇంటర్నల్ మార్కులు చూపించిన రోజే రాసుకో. హాజరు 75 శాతం కిందికి పోనివ్వకు. జేఎన్‌టీయూ నిబంధనల్లో 65 నుంచి 75 మధ్య ఉంటే సరైన కారణం చూపి ఫీజు కట్టి మాఫీ చేయించుకోవచ్చు, 65 కంటే తగ్గితే డిటెయినే. ఫిర్యాదుల పని మీద తిరుగుతూ క్లాసులు ఎగ్గొడితే వాళ్లు నిన్ను ఏమీ చేయక్కర్లేదు.

ఇంట్లో ఇవాళే చెప్పు. మీ నాన్నగారు ఎలాగూ తెలుసుకుంటారు, కాలేజీవాళ్లు తల్లిదండ్రుల్ని పిలిపించడం మామూలే. కాలేజీ ఫోన్ చేసి ‘మీవాడు కాపీ కొడుతూ దొరికాడు’ అని చెప్పకముందే, ‘జేబులో ఫోన్ మర్చిపోయాను, వాడలేదు, ఇదిగో ఇలా దరఖాస్తు పెడుతున్నాను’ అని నువ్వు చెబితే ఆయన నీ పక్కన నిలబడతారు. ఒకటి రెండు రోజులు తిడతారేమో, తిట్టనీ. ముందు అమ్మకి చెప్పడం సులువనిపిస్తే అమ్మకే చెప్పు. నిద్ర పట్టడం లేదన్నావు. అది ఇలాగే సాగితే, లేదా పిచ్చి ఆలోచనలు వస్తుంటే, 14416కి ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.

ఫోన్ విషయం వేరే కాగితం మీద అడుగు, ఫిర్యాదులో కలపకు. రెండూ ఒకదాంట్లో ఉంటే ఫోన్ చేతిలో పెట్టి ‘సమస్య పరిష్కరించబడింది’ అని రాసి ఫైలు మూసేస్తారు. మోడల్ పేరు, ఐఎంఈఐ నంబర్, తీసుకున్న తేదీ, తీసుకున్న అధికారి హోదా రాయి. ఇచ్చేటప్పుడు రిజిస్టర్లో సంతకం పెట్టమంటారు కదా, పైన ఏం రాసి ఉందో పూర్తిగా చదివాకే పెట్టు.